పదిహేనేళ్ల ఆల్టోకి క్లచ్ వేయించాలా?

డీఎల్ 9సీ నంబరుతో 2010లో రోడ్డెక్కిన చిన్నకారు ఒకటి ఢిల్లీ ద్వారకలోని సొసైటీ పార్కింగులో ఉందనుకుందాం. క్లచ్ పెడల్ బిగుసుకుపోయింది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుందే గానీ బండి కదలదు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మార్చడానికి బయటి షెడ్డులో కూలీతో కలిపి సుమారు అయిదారు వేలు. విజయవాడలో అయితే ఈ సంగతి మెకానిక్ దగ్గరే తేలిపోతుంది. ద్వారకలో ముందు సుప్రీంకోర్టు ఉత్తర్వు చదవాలి.

పదేళ్లు దాటిన డీజిలు బళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు ఢిల్లీలో, చుట్టుపక్కల రాజధాని ప్రాంతంలో తిరగకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 ఏప్రిల్‌లో అంది. 2018 అక్టోబరు 29న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2025 జులై 1 నుంచి అలాంటి బళ్లకు బంకుల్లో ఇంధనమే పోయవద్దన్నారు, నంబరు ప్లేట్లు చదివే కెమెరాలు కూడా పెట్టారు. జనం గగ్గోలు పెట్టేసరికి కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆగస్టు 12న కోర్టు, వయసు ఒక్కటే చూసి యజమానుల మీద కఠిన చర్యలు వద్దంది. డిసెంబరు 17న ఆ ఊరటను బీఎస్-4 (భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణం), ఆపై ప్రమాణాల బళ్లకే పరిమితం చేసింది.

అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. ఢిల్లీ, హైదరాబాదు సహా 13 నగరాల్లో కొత్త కార్లకు బీఎస్-4 తప్పనిసరైంది 2010 ఏప్రిల్ 1న. అంటే ఆ ఏడాది ఫిబ్రవరిలో బీఎస్-3గా రిజిస్టరైన కారుకీ, మే నెలలో కొన్న దాని జోడు కారుకీ మధ్య తేడా మూడు నెలలే. ఇంజిన్ల అరుగుదలలో తేడా ఉండకపోవచ్చు. ఒకదానికి కోర్టు రక్షణ ఉంది, ఇంకోదానికి లేదు. మే నాటి కారుకు నిశ్చింతగా క్లచ్ వేయించవచ్చు. ఫిబ్రవరి నాటి కారును ఢిల్లీలోనే ఉంచేటట్టయితే ఆ అయిదు వేలు దండగ. కొన్న తేదీని బట్టి ఊహించుకోకుండా ఆర్‌సీలోనో ఎంపరివాహన్ యాప్‌లోనో ప్రమాణం గడి చూసుకోవాలి.

అన్నిటికన్నా అన్యాయం జరిగింది మారుతి 800కి. ద్వారకకు ఆనుకునే ఉన్న గుర్గావ్‌లో, 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించారు. బీఎస్-4కు మార్చకపోవడంతో 2010 ఏప్రిల్ నుంచి ఈ 13 నగరాల్లో దాని అమ్మకం ఆగింది. మిగతా చోట్ల 2014 జనవరి దాకా తయారైంది. కాబట్టి ఢిల్లీ నంబరుతో కొన్న ఏ 800కీ ఇప్పుడు రక్షణ లేదు. పుట్టింటి పొలిమేరలోనే చోటు లేకుండాపోయింది!

రక్షణ ఉన్న కార్ల సంగతికొస్తే, వాటికి వచ్చే జబ్బుల్లో చాలావరకు ద్వారక జీవనం తెచ్చిపెట్టేవే. ఇంటి నుంచి మెట్రో స్టేషన్ దాకా, అక్కణ్నుంచి ఇంటికి. అంత చిన్న దూరంలో బ్యాటరీకి సరిగా ఛార్జి ఎక్కదు. కొత్తది నాలుగు వేలకు అటూఇటూ. వారం రోజులు కదలని కారులో ఎలుకలు చేరి వైర్లు కొరికేస్తాయి. ఈ ఖర్చు ఎవరూ ముందుగా చెప్పలేరు, ఏ వైరు తెగిందో వెతకడానికే పూటంతా పడుతుంది. కఠిన జలం పోస్తూ పోతే రేడియేటర్‌లో సున్నం పేరుకుంటుంది. అందులో కూలెంటే పోయాలి. స్పీడు బ్రేకర్లకు లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, షాకర్లు అరిగిపోతాయి. అన్నీ ఒకేసారి చేయిస్తే ఎనిమిది, పది వేలు. ఏసీ కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు విప్పాలి, సామానుతో పాటు కూలీ కూడా బరువే.

796 సీసీ ఇంజిన్ ఉన్న పాత ఆల్టోలో టైమింగ్ బెల్టు ఉంటుంది. చూడ్డానికి బాగున్నా వయసు మీరితే మార్చేయాలి. కే10 ఇంజిన్‌లో దాని బదులు చెయిన్ ఉంటుంది, ఆ బెంగ లేదు. సీఎన్‌జీ కిట్టు ఉంటే సిలిండరుకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు తప్పనిసరి, వాల్వు సీట్లు కూడా త్వరగా అరుగుతాయి. డెంటింగు, పెయింటింగుకు డబ్బు తగలేసి, అరిగిన టైర్లతోనే తిరిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

వానాకాలం మాట వేరు. అండర్‌పాస్‌లో నీళ్లు నిలిచినప్పుడు గాలి గొట్టం గుండా ఇంజిన్‌లోకి నీరు వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆగిన ఇంజిన్‌ను మళ్లీ స్టార్ట్ చేయబోతే నష్టం రెట్టింపు. అప్పుడు బాగుచేయించే ఖర్చు కారు ధరనే మించిపోవచ్చు. ఇలాంటి కార్లకు చాలామంది థర్డ్ పార్టీ బీమాతోనే సరిపెడతారు. వెయ్యి సీసీ లోపు కారుకు పన్ను కాక 2,094 రూపాయలు. అందులో మన ఇంజిన్‌కు పైసా రాదు.

రక్షణ లేని కారుకు రెండు దారులు. ఒకటి, గుర్తింపు పొందిన తుక్కు కేంద్రం. ఏడు క్వింటాళ్ల పైచిలుకు బండిని ఇచ్చి సర్టిఫికెట్ తీసుకుంటే, కొత్త సొంత కారు రోడ్డు పన్నులో పాతిక శాతం దాకా రాయితీ పొందే వీలుంది. మాయాపురి తుక్కు బజారులో ఎవరికో అమ్మేసి చేతులు దులుపుకుంటే ఆ కాగితం రాదు, ఆర్‌సీ మన పేరునే ఉండిపోతుంది.

రెండోది మనవాళ్లకు ఎక్కువ ఇష్టమైన దారి, కారును ఊరికి పంపడం. ఫారం 28తో ఎన్‌ఓసీ తీసుకుని లారీ ఎక్కిస్తారు. హైదరాబాదుకే పదిహేను వందల కిలోమీటర్లు పైబడి ప్రయాణం. అక్కడ ఫారం 27తో కొత్త నంబరు, వయసును బట్టి లైఫ్ టాక్స్, గ్రీన్ టాక్స్, ఫిట్‌నెస్ పరీక్ష. గడువు తీరిన రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రుసుము 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలు, ఇరవై ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి పదివేలు. లారీ కిరాయితో కలిపి లెక్క కట్టాక, నాన్న కొన్న కారనే మమకారం లేకపోతే చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

అయినా పంపాలనుకుంటే ముందు బానెట్ ఎత్తి చాసిస్ నంబరు చూడండి. ఎన్‌ఓసీ ఫారం మీద దాని పెన్సిల్ అచ్చు అంటించాలి. తుప్పు తిని అంకెలు చెరిగిపోతే ఢిల్లీలోనూ పని జరగదు, ఊళ్లో ఇన్‌స్పెక్టరూ ఒప్పుకోడు.