రోగుల లైంగిక ధోరణి నమోదు (ఇంగ్లండు)

రోగికి స్త్రీలపట్ల ఆకర్షణ కలుగుతుందా, పురుషులపట్లనా, ఇరువురిపట్లనా అని వైద్య సిబ్బంది అడిగి, సమాధానాన్ని ఆరోగ్య రికార్డులో చేర్చడాన్ని లైంగిక ధోరణి నమోదు అంటారు. 2017 అక్టోబరులో ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ అయిన ఎన్.హెచ్.ఎస్. ఇంగ్లండ్ దీనికి ఒక ప్రమాణాన్ని ప్రకటించింది. రికార్డులో ఈ వివరం లేనట్లయితే, 16 ఏళ్ళు నిండిన ప్రతి రోగినీ ముఖాముఖి కలిసినపుడు అడగవలెనని అందులో సూచించారు. సమాధానం తప్పనిసరి కాదు. చెప్పడానికి ఇష్టపడకపోతే ఆ మాటే నమోదు చేస్తారు.

ఎందుకు అడగాలి?

కొన్ని చోట్ల ఈ సమాచారం చికిత్సను నేరుగా ప్రభావితం చేస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమయ్యే హెచ్.పి.వి. వైరస్ స్త్రీల మధ్య సంపర్కం వలన కూడా సోకగలదు. అయినా స్వలింగ సంపర్కులైన స్త్రీలకు పరీక్ష అక్కరలేదనే అపోహ ఉండేది, అదీ కొందరు వైద్య సిబ్బందిలోనే. అలాగే బాలికలకు 2008లో మొదలైన హెచ్.పి.వి. టీకా వలన కలిగే పరోక్ష రక్షణ స్వలింగ సంపర్కులైన పురుషులకు అందలేదు. అందువలన 2018లో 45 ఏళ్ళ వయసు వరకు ఉన్నవారికి లైంగిక ఆరోగ్య కేంద్రాలలో ప్రత్యేకంగా టీకా ఇవ్వడం మొదలుపెట్టారు.

అభ్యంతరాలు

కాలి బెణుకుతో వచ్చిన వ్యక్తిని ఈ ప్రశ్న అడగడం అనవసర జోక్యమని కొందరు వైద్యులు విమర్శించారు. సంబంధం ఉన్నపుడు మాత్రమే అడగాలని వారి వాదన. అయితే సంబంధం ఉన్నదో లేదో ముందే ఊహించడంలోనే పొరపాట్లు జరుగుతాయి. అందరినీ అడిగితే ఎవరినీ వేలెత్తి చూపినట్లు కాదు.

వృద్ధుల సంకోచానికి మరింత బలమైన కారణం ఉన్నది. ఇంగ్లండులో పురుషుల స్వలింగ సంపర్కం 1967 వరకు నేరం. ఆ కాలంలోనూ, తరువాత కొన్నేళ్ళూ ఆసుపత్రులలో దీనిని "నయం" చేయడానికి విద్యుత్ షాకులు ఇచ్చేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితా నుండి స్వలింగ సంపర్కాన్ని తొలగించినది 1990లోనే. ఒకప్పుడు వైద్యునికి నిజం చెప్పి శిక్ష అనుభవించిన వారు మళ్ళీ చెప్పాలంటే, ఆ వివరం ఎవరు చూస్తారో, దేనికి వాడతారో ముందుగా వివరించవలసి ఉంటుంది.

రోగులు ఏమంటారు?

అమెరికాలో అత్యవసర వైద్య విభాగాలకు సంబంధించి 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, రోగులు సమాధానం చెప్పరని సుమారు 78 శాతం వైద్య సిబ్బంది భావించారు. చెప్పబోమన్న రోగులు మాత్రం సుమారు 10 శాతమే.