సూదీ దారంతో చెప్పిన యుద్ధం

ఫ్రాన్సు దేశంలో బేయూ అని ఒక చిన్న ఊరు ఉంది. అది సముద్రానికి దగ్గర. ఆ ప్రాంతాన్ని నార్మండీ అంటారు. బేయూ పేరు లోకమంతా తెలిసింది ఒక గుడ్డ వల్ల.

అది మామూలు గుడ్డ కాదు. పొడవు 68 మీటర్లకు పైనే. పన్నెండు చీరలు వరసగా పరిస్తే ఎంత పొడుగు ఉంటుందో అంత! వెడల్పు మాత్రం అర మీటరే. అంటే మూరెడు కంటే కొంచెం ఎక్కువ. నారబట్ట మీద రంగురంగుల ఉన్ని దారాలతో బొమ్మలు కుట్టారు. ఆ బొమ్మలు ఒక యుద్ధం కథ చెబుతాయి. కుట్టి తొమ్మిది వందల ఏళ్లు దాటింది. గుడ్డ నిలిచింది. రంగులూ చాలావరకు నిలిచాయి.

ఏమిటా యుద్ధం?

ఫ్రాన్సుకు ఎదురుగా, సముద్రం అవతల ఇంగ్లండు దేశం ఉంది. 1066 జనవరిలో ఇంగ్లండు రాజు ఎడ్వర్డు చనిపోయాడు. ఆయనకు పిల్లలు లేరు. ఆయన బావమరిది హెరాల్డు మర్నాడే కిరీటం పెట్టుకున్నాడు. నార్మండీని ఏలే విలియం దీనికి ఒప్పుకోలేదు. రాజ్యం తనకిస్తానని ఎడ్వర్డు మాట ఇచ్చాడనీ, హెరాల్డు కూడా తనకు ప్రమాణం చేశాడనీ విలియం వాదన. అందుకని యుద్ధానికి బయలుదేరాడు.

బయలుదేరడం అంటే ఎంత పని! అదంతా గుడ్డ మీద కనిపిస్తుంది. మనుషులు చెట్లు కొడుతున్నారు. చెక్కలు చెక్కుతున్నారు. ఓడలను తాళ్లు కట్టి నీళ్లలోకి లాగుతున్నారు. కత్తులు, ఇనుప చొక్కాలు మోస్తున్నారు. గుర్రాలు ఓడల్లోంచి తలలు పైకెత్తి చూస్తున్నాయి. అవతలి ఒడ్డు చేరాక వంట మొదలైంది. కుండ కింద మంట మండుతోంది. మాంసం చువ్వలకు గుచ్చి ఉంది. డాళ్లనే బల్లగా పరిచి తింటున్నారు. యుద్ధాల గురించి రాసిన పెద్ద పెద్ద పుస్తకాల్లో వంటవాళ్ల ఊసే ఉండదు. ఈ గుడ్డ మీద వాళ్లకూ చోటు దొరికింది.

ఒక చోట ఆకాశంలో తోకచుక్క ఉంది. జనం వేళ్లు చూపిస్తూ బెదిరిపోతున్నారు. రాజుకు కీడు అని అప్పటివాళ్ల భయం. అది హేలీ తోకచుక్క. సుమారు 76 ఏళ్లకు ఒకసారి కనిపిస్తుంది. 1986లోనూ వచ్చింది. మళ్లీ 2061లో వస్తుంది. దాని దారిన అది తిరుగుతుంది, అంతే. ఎవరి రాజ్యాన్నీ కూల్చదు.

1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ అనే చోటుకు దగ్గరలో యుద్ధం జరిగింది. పొద్దున మొదలై చీకటి పడేదాకా సాగింది. మధ్యలో విలియం చచ్చిపోయాడని పుకారు లేచింది. అతను తలమీది ఇనుప టోపీ పైకెత్తి తన ముఖం చూపించాడు. చివరికి హెరాల్డు చనిపోయాడు. క్రిస్మస్ రోజున విలియం ఇంగ్లండుకు రాజయ్యాడు. గుడ్డ కింది అంచు చూస్తే ఆ గెలుపు ఖరీదు తెలుస్తుంది. మొదట్లో ఆ అంచున పక్షులు, జంతువులు ఉంటాయి. యుద్ధం ముదిరేసరికి అక్కడ శవాలే ఉంటాయి. చచ్చినవాళ్ల ఒంటి మీది ఇనుప చొక్కాలు ఒలుచుకుంటున్నారు.

విలియం వచ్చాక చాలాకాలం ఇంగ్లండులో దొరల భాష ఫ్రెంచి. ఆ మాటలు ఇంగ్లీషులో కలిశాయి. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి కూడా వచ్చాయి. కోర్టు, జడ్జి, జైలు, టైలరు - ఇవన్నీ మొదట ఫ్రెంచి మాటలే.

ఎవరు కుట్టారు?

కుట్టించినవాడు ఓడో అయివుంటాడని చాలామంది పండితుల మాట. ఓడో బేయూ చర్చికి పెద్ద. విలియంకు తమ్ముడు. తల్లి ఒకరే, తండ్రులు వేరు. కుట్టింది మాత్రం ఇంగ్లండులోని స్త్రీలు అయివుంటారని అంటారు. కుట్టుపనిలో ఆ దేశపు ఆడవాళ్లకు అప్పట్లో గొప్ప పేరు. అంటే గెలిచినవాళ్ల కథను ఓడిన దేశపు ఆడవాళ్లు కుట్టారన్నమాట. వాళ్లలో ఎవరి అన్నదమ్ములు ఆ యుద్ధంలో పోయారో!

పని చూస్తే వాళ్ల నేర్పు తెలుస్తుంది. బొమ్మల అంచులకు, అక్షరాలకు కాడకుట్టు వేశారు. లోపల నింపడానికి దారాలను పక్కపక్కన పరిచారు. వాటి మీద దూరదూరంగా అడ్డదారాలు వేశారు. అడ్డదారాలను చిన్న చిన్న కుట్లతో బిగించారు. ఇలా చేస్తే దారం ఎక్కువగా పైవైపే ఉంటుంది. వెనకవైపు వృథా కాదు. రంగులు మొక్కల నుంచి తీశారు. ఎరుపు మంజిష్ఠ జాతి వేరు నుంచి వచ్చింది. నీలం ఒక ఆకు నుంచి తీశారు. అదీ మన నీలిమందు రంగే. పసుపు మరో మొక్కది. వీటితోనే పది దాకా రంగులు చేసుకున్నారు. గుర్రాల్లో నీలం గుర్రాలు కూడా ఉన్నాయి!

ఇంత చేసినా వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. పైగా విలియం భార్య మటిల్డా రాణి కుట్టిందని ఫ్రాన్సులో చాలాకాలం చెప్పుకున్నారు. దానికి ఆధారం లేదు. కష్టం ఒకరిది, పేరు ఇంకొకరిది.

గుడ్డ మీద ఆరు వందల మందికి పైగా మనుషులున్నారు. అంచులు వదిలేసి అసలు కథలో చూస్తే ఆడవాళ్లు ముగ్గురే. వారిలో ఒకామె కాలుతున్న ఇంట్లోంచి బయటికి వస్తోంది. చేత్తో బిడ్డ చెయ్యి పట్టుకుంది. పైన లాటిను భాషలో రాసి ఉంది - ఇక్కడ ఒక ఇల్లు కాలుస్తున్నారు అని. ఇల్లు ఎవరిదో, ఆమె ఎవరో రాయలేదు.

ఈ గుడ్డకు గండాలు కూడా తప్పలేదు. 1792లో, ఫ్రెంచి విప్లవం రోజుల్లో, సామాన్ల బండి మీద కప్పడానికి దీన్ని తీసుకుపోబోయారు. ఊరి వకీలు ఒకాయన అడ్డుపడి కాపాడాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీవాళ్ల కన్ను దీని మీద పడింది. అదీ తప్పింది. 2025లో ఫ్రాన్సు ప్రభుత్వం దీన్ని కొంతకాలం లండన్ మ్యూజియానికి ఇవ్వడానికి ఒప్పుకుంది. పాత గుడ్డ, కదిపితే చిరుగుతుందని ఫ్రాన్సులో చాలామంది వద్దన్నారు.

దీనికి ఒక నకలు కూడా ఉంది. ఇంగ్లండులోని లీక్ అనే ఊళ్లో ఎలిజబెత్ వార్డిల్ అనే ఆమె 1885లో ఆ పని మొదలుపెట్టింది. ముప్ఫై మందికి పైగా స్త్రీలు కూర్చుని మొత్తం గుడ్డను మళ్లీ కుట్టారు. 1886లో పూర్తి చేశారు. అది ఇప్పుడు ఇంగ్లండులోనే రెడింగ్ అనే ఊరి మ్యూజియంలో ఉంది. ఆ నకలులో అసలు గుడ్డ మీద లేనిది ఒకటి ఉంది. ఒక్కొక్క స్త్రీ తాను కుట్టిన భాగం కింద తన పేరు కుట్టుకుంది.