సత్తు గిన్నె వయసు చెప్పే పుస్తకాన్ని నమ్మవచ్చా?

గైడు అనగానే మీకు పరీక్షలు గుర్తుకొస్తాయి. ఇది వేరే రకం గైడు. నాణేలకూ, తపాలా బిళ్ళలకూ ఉన్నట్టే పాత లోహపు సామాన్లకూ గుర్తింపు పుస్తకాలున్నాయి. సుత్తితో కొట్టి నగిషీ తేల్చిన అల్యూమినియం పళ్ళాలు 1930, 40లలో అమెరికాలో బాగా అమ్ముడుపోయాయి. వాటిని సేకరించేవారి కోసం 1980ల నుంచి అక్కడ పుస్తకాలు వచ్చాయి: ఫోటో, తయారీదారు ముద్ర, ధర. అలాంటిదొకటి మీ చేతికి వచ్చిందనుకుందాం. అమలాపురంలో మీ అమ్మమ్మగారి అటక మీదున్న సత్తు గిన్నెకు అది పనికొస్తుందా?

ముందు ధరల పట్టీని పక్కన పెట్టండి. అది ఆ దేశంలో, ఆ ఏడాది మాట. ఇక మిగిలిన పుస్తకం "ఇది పాతది" అంటే చాలదు. ఎలా తెలిసిందో చెప్పాలి. ఆ పరీక్ష మీరూ చేసి చూడగలగాలి.

మొదట లోహం సంగతి. మనవైపు సత్తు అంటారు, కొందరు సిల్వర్ అంటారు. వెండి మాత్రం అందులో రవ్వంత కూడా లేదు! ఒక చిన్న మూత తూచండి. 54 గ్రాములుందనుకుందాం. అంచుదాకా నీళ్ళు నింపిన గిన్నెలో దాన్ని ముంచి, పొర్లిన నీటిని కొలజాడీలో పట్టండి. (మూత కింద గాలి బుడగ చిక్కితే లెక్క తప్పుతుంది.) 20 ఘన సెంటీమీటర్లు వస్తే, 54ని 20తో భాగించండి. 2.7! అదే అల్యూమినియం సాంద్రత. అంతే పరిమాణమున్న ఇత్తడి సుమారు 170 గ్రాములు తూగుతుంది. అయితే "తేలిక కాబట్టి పాతది" అని పుస్తకం రాసిందా, అనుమానించండి. నిరుడు కొన్న అల్యూమినియం సాంద్రత కూడా అంతే.

తరువాత సుత్తి గుర్తులు. భూతద్దంతో చూడండి. చేతి దెబ్బలు అన్నీ ఒక్కలా ఉండవు. యంత్రపు అచ్చులో నొక్కినదైతే అదే వరస పక్క గిన్నె మీదా కనిపిస్తుంది. ఈ తేడాను దగ్గరి బొమ్మలతో చూపే పుస్తకం విలువైనది.

వయసు దగ్గరే చిక్కు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరో విడివిడిగా విద్యుద్విశ్లేషణ పద్ధతి కనిపెట్టేదాకా అల్యూమినియం అరుదైన లోహం. మద్రాసు కళా పాఠశాలలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ 1898లో అల్యూమినియం పాత్రల తయారీ ప్రారంభించాడు. కోనసీమ అప్పుడు మద్రాసు రాజధానిలోదే. కనుక "1850 నాటి గోదావరి అల్యూమినియం గిన్నె" అనే పుస్తకాన్ని మూసెయ్యండి. లీటరు ముద్ర ఉన్న కొలపాత్ర 1930 నాటిదన్నా అంతే. మన దేశంలో మెట్రిక్ తూనికలు 1958 అక్టోబరులోగాని మొదలుకాలేదు.

అమెరికా పుస్తకంలో దొరకని ఆధారం ఒకటి మన సామాన్ల మీదే ఉంది. రాజోలులోనో, కొత్తపేటలోనో పెళ్ళికిచ్చిన గిన్నెపై పేరు, తేదీ చుక్కలతో చెక్కించడం మీరు చూసే ఉంటారు. "12-5-1964" అని ఉంటే అది ఇచ్చిన రోజు. గిన్నె చేసింది ఆ ఏడాదే కావచ్చు, పదేళ్ళ ముందూ కావచ్చు.

ఇప్పుడు పుస్తకానికే పరీక్ష పెట్టండి. ఎప్పుడు కొన్నారో ఇంట్లోవాళ్ళకు రూఢిగా తెలిసిన అయిదారు గిన్నెలు తీసుకుని, తేదీలపై కాగితం అంటించి, పుస్తకం చూసి చెప్పమని స్నేహితుడికివ్వండి. ఎన్ని సరి, ఎన్ని తప్పు, ఎన్నింటికి "తెలియదు" అని వచ్చిందో మూడు గళ్ళలో రాయండి. "తెలియదు" అనే పుస్తకంతో నష్టం లేదు. ధీమాగా తప్పు చెప్పే పుస్తకాన్ని నమ్మి గిన్నెను పాత సామాన్ల బండికి వేస్తే అది కొలిమిలో కరుగుతుంది, దానితోపాటు ఆ పేరూ, తేదీ. వేసేముందు పల్చటి కాగితం పరచి, పెన్సిలుతో రుద్ది ఆ అక్షరాల అచ్చు తీసుకోండి. చింతపండుతో మాత్రం తోమకండి, ఆమ్లం అల్యూమినియాన్ని తినేస్తుంది.