టీచరమ్మకూ వేసవి చదువు!

'మీకేమండీ, కాలేజీ ఉద్యోగం... ఎండాకాలమంతా హాయిగా సెలవులే!' ఈ మాట వినని మహిళా లెక్చరర్ ఉండరేమో! ఆ సెలవుల్లో ఆమెకు నిజంగా దక్కేదేమిటి? ఆవకాయ, వడియాలు, వచ్చేపోయే చుట్టాలు. తనకోసం ఓ పుస్తకం తెరిచేసరికి కాలేజీలూ తెరిచేస్తారు.

అదే వేసవిలో ఆమె మళ్లీ విద్యార్థిని కావచ్చు. పైగా ప్రభుత్వ ఖర్చుతో!

ఎక్కడ? ఎలా?

1986 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ కాలేజీ అధ్యాపకుల కోసం విశ్వవిద్యాలయాల్లో అకడమిక్ స్టాఫ్ కాలేజీలు పెట్టింది. ఇప్పుడు వాటి పేరు మాలవీయ మిషన్ శిక్షణ కేంద్రాలు. ఉస్మానియా, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, మౌలానా ఆజాద్ ఉర్దూ వర్సిటీ, విశాఖలో ఆంధ్రా, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర... వీటన్నింట్లో ఇవి ఏర్పడ్డాయి. ఒకప్పుడు రిఫ్రెషర్ కోర్సు మూడు వారాలు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం రెండు వారాల కోర్సు చాలు, పదోన్నతికి పనికొస్తుంది.

ఇది మనదగ్గరే ఉన్న ఏర్పాటు కాదు. అమెరికాలో 1965లో ఏర్పడిన మానవీయశాస్త్రాల జాతీయ సంస్థ కూడా ఏళ్ల తరబడి కాలేజీ అధ్యాపకులకు స్టైపెండ్ ఇచ్చి మరీ వేసవి సెమినార్లు జరిపింది.

ఫిల్మ్ నగర్‌లో పాఠాలా?

కోర్సుకు హైదరాబాద్ వచ్చినవారికి తరగతి గది బయటా బోలెడు చదువు. జూబ్లీహిల్స్‌నే తీసుకోండి. 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పటి అంబేద్కర్ వర్సిటీ ఉన్నది ఇక్కడే. పక్కనే ఫిల్మ్ నగర్... ఫిల్మ్ ఛాంబర్, రామానాయుడు స్టూడియో ఉన్న చోటు. తారల ఇళ్లు చూసి మురిసిపోవడానికే అయితే వెళ్లనక్కర్లేదు. సినిమాను పాఠంగా చదవడం తెలిస్తే మాత్రం అదో లైబ్రరీ!

ఉదాహరణకి 'కన్యాశుల్కం'. గురజాడ నాటకం తొలిసారి ప్రదర్శించింది 1892లో. సినిమా వచ్చింది 1955లో. పుస్తకంలోని మధురవాణి, తెరమీద సావిత్రి చూపించిన మధురవాణి ఒక్కరేనా? ఏ సీను తీసేశారు, ఏది పెంచారు, ఎందుకు? ఈ ప్రశ్న వేసి చూడండి, వెనక బెంచీ కూడా నోరు విప్పుతుంది. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాను అర్థం చేసుకోవడం నేర్పిన సతీశ్ బహదూర్ అంతకుముందు ఆగ్రాలో ఆర్థికశాస్త్రం చెప్పిన మాస్టారే మరి!

ఆన్‌లైన్ సుఖమా?

ఇప్పుడు చాలా కోర్సులు ఆన్‌లైన్‌లో జరుగుతున్నాయి. పసిపిల్లల తల్లులకు ఇది వరమే, కాదనలేం. అయితే చిక్కంతా అక్కడే ఉంది. లాప్‌టాప్‌లో ప్రొఫెసర్ గారి ఉపన్యాసం, పొయ్యిమీద కుక్కర్ కూత, మధ్యలో 'అమ్మా, నా సాక్సు లేవీ?' చేతికి సర్టిఫికెట్ వస్తుంది, చదువు రాదు. హాస్టల్లో ఉండి చదివినవాళ్లకు దక్కేది వేరు. పక్క జిల్లా లెక్చరర్‌తో రాత్రి పదింటిదాకా వాదనలు, ఎవరూ పిలవని లైబ్రరీ మధ్యాహ్నాలు. పెళ్లయ్యాక మొదటిసారి, వంట బాధ్యత లేని పద్నాలుగు రోజులు!

బయల్దేరే ముందు...

* మాలవీయ మిషన్ వెబ్‌సైట్‌లో కోర్సుల పట్టిక ఉంటుంది. నేరుగా జరిగేదా, ఆన్‌లైనా చూసుకోండి.

* ప్రిన్సిపాల్ అనుమతి లేఖ ముందే తీసుకోండి.

* బస, ప్రయాణ ఖర్చులు, ఫీజు సంగతి కేంద్రాన్నే అడగండి. ఏటా మారవచ్చు.

* కాంట్రాక్టు లెక్చరర్లూ, మనకు రాదులే అనుకోవద్దు. అర్హత కనుక్కోండి.

* ఇంట్లో రెండు వారాల ముందే చెప్పండి. 'వెళ్లనా?' అని కాదు, 'వెళ్తున్నాను' అని!

పిల్లల్ని వేసవి శిబిరాలకు పంపడానికి ఎంతో ఆరాటపడతాం. వాళ్లకు పాఠం చెప్పే టీచరమ్మ కొత్తగా ఏం చదివిందన్నది మాత్రం ఎవరూ అడగరు. ఎవరో అడిగేదాకా ఆగడం దేనికి? ఈ వేసవికి మీ పేరు మీరే రాయించుకోండి.