విత్తే రోజు చెప్పే కోడ్ అందరిదీ కావాలి

తొలకరి పడింది. విత్తాలా, ఇంకో వానకు ఆగాలా? ఈ ప్రశ్నకు ఇప్పుడు కంప్యూటర్లూ జవాబు చెబుతున్నాయి. ఆ జవాబును నమ్మి విత్తనాలు, ఎరువులు, కూలి డబ్బులు నేలలో పెట్టేది మాత్రం రైతే. అందుకే ప్రభుత్వం తరఫున రైతుకు సలహా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌ది అయి ఉండాలి. అంటే దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చదవడానికి, పరీక్షించడానికి, సవరించి పంచుకోవడానికి వీలుండాలి. ఈ వాదనకు గట్టి ఆధారం పటాన్‌చెరులోనే ఉంది.

మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో అక్కడ ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ ఆవరణలో నల్లరేగడి, ఎర్రనేల రెండూ ఉన్నాయి. 1983 మార్చి 21 నుంచి 26 వరకు అక్కడ ఒక అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఒకచోట చేసిన పంట ప్రయోగం మరోచోట పనికిరావాలంటే పొలం గురించి కనీసం ఏయే వివరాలు నమోదు చేయాలన్నది అక్కడి చర్చ. అందరూ ఒకే తీరున రాసుకుంటేనే ఒకరి అనుభవం ఇంకొకరి లెక్కకు అందుతుంది. ఈ ‘కనీస సమాచారం’ అనే ఆలోచనను పునాదిగా చేసుకుని 1989లో డీఎస్‌ఎస్‌ఏటీ అనే పంట నమూనాల సాఫ్ట్‌వేర్ విడుదలైంది. ఇప్పుడు దాని పంట నమూనా కోడ్ గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది.

అది పనిచేసే తీరు చూస్తే కోడ్ ఎందుకు తెరిచి ఉండాలో తెలుస్తుంది. ఎండ, గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన అనే నాలుగు వాతావరణ అంకెలతో అది ఏ రోజుకారోజు పంట పెరుగుదలను లెక్కిస్తుంది. నేలను ఒకదానిపై ఒకటి పేర్చిన కుండల్లాంటి పొరలుగా తీసుకుంటుంది. పై పొర పట్టుకోగా మిగిలిన నీరు కింది పొరకు దిగుతుంది. వేరు ఇక పీల్చుకోలేని స్థాయి, అదనపు నీరు దిగిపోయాక నిలిచే స్థాయి, పూర్తిగా నానిన స్థాయి అని ప్రతి పొరకూ మూడు హద్దులుంటాయి. నల్లరేగడి అంకెలను ఎర్రనేలకు వాడితే లేని తేమ ఉన్నట్టు చూపుతుంది. కోడ్, అంకెలు బయట ఉంటే ఈ తప్పును పట్టుకోవచ్చు. ఏది లెక్కలోకి రాలేదో కూడా తెలుసుకోవచ్చు. ఉదాహరణకు, పటాన్‌చెరు కర్మాగారాల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలో కలవడంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. అలాంటి నీటితో తడిసిన పొలంలో రసాయనాల వల్ల కలిగే నష్టాన్ని ఈ నమూనా లెక్కించదు. ఆ లోటు కోడ్‌లో కనిపిస్తుంది కాబట్టి ఎవరైనా పూరించే ప్రయత్నం చేయవచ్చు. మూసిపెట్టిన సాఫ్ట్‌వేర్‌లో అలాంటి లోటు ఉందన్న సంగతే బయటికి రాదు.

ప్రైవేటు సాఫ్ట్‌వేర్ కూడా మేలు చేస్తోంది కదా అనవచ్చు. నిజమే. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది వేరుశనగ రైతులకు విత్తే సమయాన్ని తెలుగులో ఎస్ఎంఎస్ ద్వారా తెలిపాయి. దిగుబడి 30 శాతం పెరిగిందని ప్రకటించాయి. అంత మేలు జరిగితే దాన్ని ప్రతి మండలానికీ చేర్చాలి. అందుకు ఆ లెక్కను బయటివారు మళ్లీ వేసి చూడగలగాలి, ఒప్పందం ముగిసినా సేవ ఆగకూడదు. రైతు కోడ్ చదవలేడు కదా అన్నది మరో అభ్యంతరం. రైతు చదవనక్కర్లేదు, వ్యవసాయ విశ్వవిద్యాలయం విద్యార్థో, కంది ఐఐటీ పరిశోధకుడో చదివి తప్పు చూపితే చాలు. కోడ్ తెరిస్తే రైతుల వివరాలు బయటపడతాయన్న భయమూ అక్కర్లేదు. లెక్క వేసే పద్ధతి వేరు, అందులో వేసే వ్యక్తిగత సమాచారం వేరు. మొదటిది బహిరంగంగా, రెండోది భద్రంగా ఉంచవచ్చు. నిర్వహణ ఖర్చు మాత్రం నిజమైన సమస్య. ఉచితంగా దొరికే కోడ్‌ను నడపడానికీ నిపుణులు, ఏటా నిధులు కావాలి. వాటిని బడ్జెట్‌లో చూపకపోతే ఈ ఆశయం కాగితానికే పరిమితమవుతుంది.

ప్రభుత్వ టెండర్లలో ఓపెన్ సోర్స్‌ను తప్పక పరిశీలించాలని, వద్దనుకుంటే కారణం చెప్పాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. తెలుగు రాష్ట్రాల వ్యవసాయ శాఖలు రైతు సలహా సేవల ఒప్పందాలన్నింటిలో ఈ షరతు చేర్చాలి, స్థానిక నేలల అంకెలనూ ప్రచురించాలి. ప్రజల డబ్బుతో తయారైన లెక్కను చూసే హక్కు ప్రజలకుంది.