తలుపు మీది కాపలా

ఊరికే మోగే అలారాన్ని చూడమంటే, నేను మొదట తలుపు దగ్గరికే వెళ్తాను. ద్వారబంధానికి స్విచ్, రెక్కకు అయస్కాంతం ఉంటాయి. స్విచ్‌లోని గాజు గొట్టంలో రెండు సన్నని లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరుంటే కలుస్తాయి, దూరమైతే విడిపోతాయి. 1936లో బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టిన ఈ రీడ్ స్విచ్ అంటే నాకెంతో గౌరవం.

బందులు వదులై రెక్క కుంగితే అయస్కాంతం దూరమవుతుంది. ముందు ఆ సందు చూడండి. అది సరిగ్గానే ఉంటే అలారం ఆపి, వైర్లు విప్పి, మల్టీమీటర్ పెట్టండి. మామూలు రకంలో అయస్కాంతం ఆనిస్తే బీప్ రావాలి, తీస్తే ఆగాలి. తీసినా ఆగలేదంటే రేకులు అతుక్కుపోయాయి. అదే అసలు ప్రమాదం: దొంగ తలుపు తీసినా అలారం నోరెత్తదు! కొత్త స్విచ్ బిగించేటప్పుడు పాత వైరుకు చిన్న రెసిస్టర్ ఉంటే పారేయకండి, ఉన్నట్టే కలపండి. ఇనుప తలుపుకు దానికోసం చేసిన రకమే కొనండి. చివరగా ప్రతి తలుపూ తెరిచి, మోగుతోందో లేదో తప్పక చూడండి.