మా అమ్మాయి సైకిలుకి కంపెనీ పేరు లేదు!

“ఇనుము లెక్కన తూకమేసి తీసుకుంటానమ్మా” అన్నాడు పాత సామాన్లతను, పశువుల కొట్టంలో గోడకి ఆనించి ఉన్న సైకిలు వంక చూసి. మా నాన్న సైకిలది. అట్లాస్ కంపెనీది. ఆయన పోయి రెండేళ్లయింది. ఎరువు కట్టలూ, పత్తి బోరేలూ ఎన్ని మోసిందో దానికే తెలియాలి. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు. “తర్వాత రా నాయనా” అని పంపించేశాను.

మాది పర్చూరు దగ్గర పల్లెటూరు. 1992లో పదో తరగతి ఫస్టు క్లాసులో పాసయ్యాను. కాలేజీ ఎనిమిది కిలోమీటర్ల దూరం. వేళకి బస్సు లేదు. అన్నయ్యకి ఈ సైకిలే ఇచ్చి పంపారు. నేనూ వెళతానంటే, “కడ్డీ సైకిలు ఆడపిల్ల ఎక్కేదేంటే, నలుగురూ నవ్విపోరూ!” అంది నాయనమ్మ. లేడీస్ సైకిలు కొనే స్తోమత అప్పుడు మాకు లేదు. నా చదువు ఆ కడ్డీ దగ్గరే ఆగిపోయింది.

ఇప్పుడు మా చిన్నమ్మాయి ఇంటర్ చదువుతోంది. మామూలప్పుడు ఆటోలో వెళుతుంది. మిరప కోతలు మొదలయ్యాయంటే ఆటోలన్నీ పొద్దున్నే కూలీలని ఎక్కించుకుని చేలకి పోతాయి. పిల్లకి వారంలో రెండు రోజులు క్లాసు పోయేది. “కోతలయ్యేదాకా మానేస్తే ఏమవుతుందిలే” అన్నారు మావారు. మామూలుగానే అన్నారు పాపం! కానీ నాకు మాత్రం నాయనమ్మ గొంతు వినిపించింది. మర్నాడు సైకిలు నడిపించుకుంటూ సైకిలు షాపుకెళ్లాను.

కడ్డీ కొయ్యొద్దు!

షాపు సాయిబు బాబాయిది. మా నాన్నకి ఈడువాడు. “బాబాయ్, ఆ కడ్డీ కోయించేసి లేడీస్ సైకిలు చేసివ్వు” అన్నాను.

“కోస్తే ఇంకేముందమ్మాయ్! కడ్డీ దానికి వెన్నుపూస. అది తీసేస్తే గతుకుల రోడ్డు మీద నడుముకాడికి వంగిపోద్ది. లేడీస్ సైకిలుకి కడ్డీ కిందికి వాల్చి కట్టారే గానీ, లేకుండా ఎక్కడన్నా చేశారా?” అన్నాడు.

నిజమే కదా! షాపు వెనకాల ఎవరో వదిలేసిన లేడీస్ ఫ్రేము ఒకటుంది. దాన్ని తెచ్చి ముందు పెట్టాడు. “ఫ్రేము ఇది. లోపలి సామాను మీ నాన్నది. చాలనిది కొత్తది కొందాం. కానీ పక్కన కూచుని నువ్వూ చెయ్యాలి. రేపు మధ్యదారిలో చెడితే నేను పరిగెత్తుకు రాలేను” అన్నాడు.

నాన్న హబ్బులు, కొత్త రిమ్ములు

నాన్న సైకిలు చక్రాలు 28 అంగుళాలవి. మా అమ్మాయి పొట్టి. కాలు కింద ఆనాలంటే 26 అంగుళాల చక్రం కావాలి. ఈ ఫ్రేమూ దానికే సరిపోతుంది. అలాగని పాత చక్రాలు మొత్తం పారెయ్యక్కర్లేదు! చక్రం మధ్యలో ఉండే హబ్బులు విప్పి, కిరసనాయిల్లో కడిగి, అరిగిన గుండ్లు తీసేసి కొత్తవి వేసి గ్రీజు పెట్టాం. మన పాత సైకిళ్లకి ముందు చక్రానికి 32, వెనక దానికి 40 స్పోకులుంటాయి. అన్నే చిల్లులున్న 26 అంగుళాల రిమ్ములు కొని, కాస్త పొట్టి స్పోకులతో ఆ హబ్బుల చుట్టూ అల్లాం. చక్రం ఒంకర తీయడం నాకు భలే నచ్చింది. రిమ్ము ఎడమకి వాలితే అక్కడ కుడివైపు నుంచి వచ్చే స్పోకుని అర చుట్టు బిగించాలి. ఒక్కసారే బలంగా బిగించామా, ఇంకో చోట ఒంకర వస్తుంది. ఓపికుంటే చాలు. ముగ్గు వేసే చేతులకి ఇదేమంత కష్టం కాదు!

టైరు దగ్గర మాత్రం నేను పొరపడ్డాను. 26 అని రాసుంది కదా అని లావు టైరొకటి తెచ్చాను. ఎంత లాగినా రిమ్ము మీద కూర్చోలేదు. 26 అంగుళాలన్నవన్నీ ఒకటి కావట. టైరు పక్కన చిన్న అక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది. 37-590 అంటే 26 × 1 3/8 టైరు. రేంజరు సైకిళ్ల లావు టైర్ల మీద 559 అని ఉంటుంది. నాన్న 28 అంగుళాల టైరు మీద 635 ఉంది. ఆ చివరి మూడంకెలూ రిమ్ము కొలత, మిల్లీమీటర్లలో. అవి కలిస్తేనే టైరు పడుతుంది.

తొక్కేది పిల్ల కదా!

ఎండాకాలం మా వైపు పడమటి గాలి ఎలా కొడుతుందో తెలుసుగా! ఎదురుగాలిలో నాన్న సైకిలు తొక్కాలంటే తొడలు పట్టేస్తాయి. దాని ముందు చక్రపు పళ్లు 48, వెనక ఫ్రీవీలు పళ్లు 18. పెడలు ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు ఆరు మీటర్లు పోతుంది. అందుకే ముందు 44, వెనక 20 పళ్లవి వేయించాం. చక్రం కూడా చిన్నదైంది కాబట్టి ఇప్పుడు చుట్టుకి నాలుగున్నర మీటర్లే వస్తుంది. వేగం తగ్గినా తొక్కడం తేలిక.

పెడళ్లు నాన్నవే. ఎడమ పెడలుకి మర తిరగేసి ఉంటుంది, ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. తెలియక బలంగా తిప్పితే మర చెడుతుంది. తొక్కుతుంటే “టక్ టక్” మంటే కాటర్ పిన్ను అరిగిందని అర్థం. స్ప్రింగుల సీటు, కేరియరు, బెల్లు కూడా నాన్నవే. బ్రేకులు, చైను కొత్తవి. వానాకాలం నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో పట్టేసి చక్రం తిరగదు కదా! అందుకని మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య వేలు దూరేంత సందు ఉంచాం.

అంతా కలిపి మూడున్నర వేలయింది. కొత్తది కొంటే ఇంతకి రెట్టింపు అయ్యేది.

“నాన్న కంపెనీ సామాను ఇంకా దొరుకుతుందా బాబాయ్?” అనడిగాను. అట్లాస్ 1951లో సోనిపట్‌లో మొదలైన కంపెనీ. ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లోని వాళ్ల ఫ్యాక్టరీలో 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, పని ఆగిపోయింది. “పేరుదేముందమ్మాయ్, కొలతలు ఒకటే కదా” అన్నాడు బాబాయి. అదీ ఈ పాత సైకిళ్ల గొప్ప. ఏ కంపెనీ గుండైనా, చైనైనా కొలత కలిస్తే ఇమిడిపోతుంది.

ఆ కడ్డీ సంగతి...

ఈమధ్యే ఒక విషయం చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతో పాటు ఆడవాళ్లకి సైకిలు నేర్పారట. అప్పటి కలెక్టర్ షీలారాణి చుంకత్ చొరవ అది. కూలీలూ, క్వారీల్లో రాళ్లు కొట్టే వాళ్లూ వేల మంది నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. చాలా మంది అవే నయమన్నారట! కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు కదా మరి. నన్ను ఇంట్లో కూర్చోబెట్టిన కడ్డీ, అదే రోజుల్లో వాళ్లకి బిడ్డ కూర్చునే చోటయింది.

మా అమ్మాయి ఇప్పుడు ఒక్క క్లాసూ పోకుండా కాలేజీకి వెళుతోంది. “ఇదే కంపెనీ సైకిలే?” అని స్నేహితురాళ్లు అడిగితే, “తాతయ్యదీ, అమ్మదీ” అందట. ఆదివారాలు దాని సైకిలు తీసుకుని చెరువుగట్టు మీద నేనూ నేర్చుకుంటున్నాను. రెండుసార్లు పడ్డాను. మావారు నవ్వారు గానీ, వెనకాల సీటు పట్టుకుంటున్నది ఆయనే!

మీ కొట్టంలోనూ ఇలాంటి సైకిలు మూలన పడి ఉందేమో చూడండి. తూకానికి వేసే ముందు ఒక్కసారి హబ్బు తిప్పి చూడండి. తిరుగుతోందా? అయితే మీ ఇంట్లో ఎవరి చదువుకో, ఎవరి పనికో అది ఇంకా పనికొస్తుంది.